నల్లబల్లమీది పిట్టలు

మొన్న స్త్రీల కూడికకు నంద్యాల పోతూ బేతంచెర్ల స్టేషన్లో బండికోసం కూర్చున్నాను. కూడికలో చెప్పవలసిన నాలుగు మాటలు మనసులో కూర్చుకుంటూ ఉంటే, పక్కబెంచీ కింద తడిగుడ్డ కప్పిపెట్టిన వెదురుబుట్టలోనుంచి ఒక కౌజుపిట్ట కూసింది. పిడికెడు పిట్టకు అంత గొంతు ఎక్కడిదా అనిపించే కూత అది. పేర్చిన నాపరాళ్ళ అవతల, తుమ్మచెట్ల దిక్కునుంచి ఇంకొకటి బదులిచ్చింది.

బుట్టగల మనిషి నా చూపు పసిగట్టి దగ్గరకు జరిగాడు.

"కౌజులు కావల్నామ్మా? బాగా కండపట్టిండాయి."

"ఎన్నుండాయప్పా?"

"లెక్కేముందిలేమ్మా. బుట్టెడుండాయి."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళు చెమర్చాయి. మా ఇంగ్లీషు అయ్యవారు ఆ మాట విని ఉంటే బండి పోయినా సరేనని ఆ గుడ్డ తీయించి, ఒక్కొక్క పిట్టనూ లెక్కపెట్టించి ఉండేవారు. ఆయన ప్రభువులో నిద్రించి చాలా కాలమైంది. కౌజు కూస్తే మాత్రం ఇప్పటికీ నాకు ముందు ఆయన గొంతే వినబడుతుంది.

జమ్మలమడుగు దాటి, నల్లరేగడి చేలకూ ఎర్రగుట్టకూ నడుమ ఉన్న మిషను బడి మాది. నేను చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పేదాన్ని. ఆయన పెద్ద తరగతులకు ఇంగ్లీషు చెప్పేవారు. రెండు తరగతులకూ నడుమ గోడ లేదు. గోనెపట్టాలు కుట్టిన తెర ఒకటి మాటిమాటికీ జారుతూ వేలాడేది, అంతే. ఇవతల నా పిల్లలు అ ఆ లు అరుస్తుంటే అవతల ఆయన పిల్లలు ఇంగ్లీషు అరిచేవాళ్ళు. నాకు ఆ భాష ఏమాత్రమైనా వచ్చిందంటే ఆ తెర చలవే.

ఆయనకు ఒక నల్లకోటు ఉండేది. మునుపటి మిషను దొర దేశానికి తిరిగిపోతూ ఇచ్చిపోయిన కోటు. ఆ దొర ఆరడుగుల మనిషి, మా అయ్యవారు తలుపు గడియ అందుకోవడానికి మునికాళ్ళమీద లేచే మనిషి. చేతులు రెండు మడతలు పెట్టి తొడుక్కునేవారు. ఎండాకాలంలోనూ విప్పేవారు కారు. దాని జేబులో సుద్దముక్కలూ వేయించిన శనగపప్పులూ కలిసే ఉండేవి. బాగా చెప్పిన పిల్లకు పప్పులు పెట్టేవారు. ఆ పప్పులు తెల్లగా, సుద్దరుచిగా ఉండేవి. అయినా పిల్లలు వాటికోసం పడి చచ్చేవాళ్ళు.

పాఠం నడుమ కిటికీ బయట పిట్టలు ఎగిరితే పాఠం ఆగిపోయేది. "ఆఁ, ఏం పోతాండాయి రా అవి? ఒగటైతే ఏమంటారు, శానా అయితే ఏమంటారు?" అని వేలు చూపేవారు. నల్లబల్లను నిట్టనిలువునా ఒక గీతతో రెండు చేసి పెట్టుకున్నారు. ఇంగ్లీషులో ఒకటి అనేకమైతే మాట చివర ఎస్ అనే వంకర అక్షరం చేరుతుంది గదా, దానికి పిల్లలు తోక అని పేరు పెట్టారు. గీతకు ఎడమపక్క తోక ఉండే పిట్టలు: కాకి, పిచ్చుక, గద్ద, చిలక, గొరవంక. కుడిపక్క తోక లేని పిట్టలు: చెరువుగట్టున తిరిగే ఉల్లంకి, దాన్ని దొరలు స్నైప్ అంటారు, నీళ్ళలో ఈదే చిన్నబాతు, దాన్ని టీల్ అంటారు, ఇంకా గ్రౌస్ అనే ఏదో పిట్ట. ఆ చివరిదాన్ని మాలో ఎవరమూ చూడలేదు. ఆయనా చూడలేదు. "అది మన దేశంలో లేదు. యాడుందో ఆడ కూడా దానికి తోకలేదంట, పాపం" అనేవారు. ఈ కుడిపక్క పిట్టలు ఒకటున్నా నూరున్నా ఇంగ్లీషులో ఒకే మాట. పెద్దబాతు మాత్రం ఏ పక్కకూ రాక ఆయన్ను సతాయించేది. ఒకటైతే గూస్, ఎన్నో అయితే గీస్. "ఇది తోక పెట్టుకోదు, కడుపులో మార్చుకుంటాది" అని దాన్ని బల్ల పైన, మూలకు గీశారు.

ఒకనాడు తెర అవతల ఒక పిల్ల అడగడం విన్నాను. "అయ్యవారూ, గూస్ గీస్ అయితే మంగూస్ మంగీస్ అయితాదా?"

"ముంగిస పిట్టనా మే? పాముల్ని కొరికేదాన్ని తీస్కొచ్చి నా పిట్టల్లోకి తోల్తాండావే! పో, నీకు పప్పుల్లేవు!" అన్నారు. రెండు తరగతులూ ఒకేసారి నవ్వాయి. బడి వదిలాక ఆ పిల్ల చేతిలో పప్పులున్నాయి, నేను చూశాను.

ఈ పిచ్చి ఆయనకు ఎట్లా పట్టుకున్నదంటే, ఆ కోటు దొర తర్వాత వచ్చిన దొర తుపాకీ తీసుకొని చెరువుకు పోయినప్పుడు తోడుకు ఈయన్ను పిలుచుకుపోయేవాడు, ఊరివాళ్ళతో మాట్లాడించడానికి. మాపటికి సంచినిండా పిట్టలతో తిరిగివచ్చి దొరసానితో దొర చెప్పిన మాటలో తోక లేదు. అదే దొర మా ప్రార్థనగుడి కప్పుమీద కాకులను తిడితే ఆ మాటకు తోక ఉంది. అయ్యవారికి ఆ రాత్రి అన్నం సహించలేదట. మరునాడు దొరనే అడిగారు. దొర మంచివాడే. గడ్డం గోక్కొని, "మా తాత అట్లే అనేవాడు, మా నాయనా అట్లే అనేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు" అని ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి అయ్యవారే ఒక కారణం వెతుక్కున్నారు. "తుపాకి దెబ్బకు తోక రాలిపోతాదమ్మా" అన్నారు నాతో ఒకనాడు, నవ్వకుండానే. "కాకిని ఎవరూ తినరు, కాబట్టి కాకులు శానా. ఉల్లంకిని తింటారు, కాబట్టి సంచెడైనా ఒగటే. పట్టేవాని నోట్లో నూరు పిట్టలు ఒగ ముద్ద."

"మరి పావురాలను కాలుస్తారు గదా అయ్యవారూ, వాటికి తోక ఉందే?"

ఆయన జేబులోనుంచి సుద్దముక్క తీశారు. తర్వాత పావురాన్ని తీసుకుపోయి సరిగ్గా నడిమి గీతమీద కూర్చోబెట్టినట్టు బొమ్మ వేశారు. "తెలియదు. పరలోకంలో అడుగుదాం" అన్నారు. ఆయనకు తెలియని ప్రతిదానికీ అదే మాట. తెలిసినట్టు ఎన్నడూ నటించలేదు. కౌజును మాత్రం బల్లమీద ఏ పక్కా రాయలేదు. దొర కౌజులను ఒకనాడు తోకతోనూ ఒకనాడు తోక లేకుండానూ అనేవాడు, నేనే విన్నాను. అది అయ్యవారి చెవిన పడకపోదు. ఎందుకు రాయలేదో అడగాలని అప్పట్లో నాకు తోచలేదు.

ఆదివారాలు పాదిరిగారు పక్క గ్రామాలకు పోయినప్పుడు ప్రసంగం అయ్యవారే చేసేవారు. ఎక్కడ మొదలుపెట్టినా పిచ్చుకల దగ్గరికి వచ్చేవారు. అంగట్లో అగ్గువకు అమ్ముడుపోయే పిచ్చుకల్లో ఒక్కటికూడా తండ్రి మరుపున పడదని ప్రభువు చెప్పిన మాట ఆయన నోట వింటే, ఆ మాట అప్పుడే పుట్టినట్టుండేది. "చూసినారా, పిచ్చుకకు ఇంగ్లీషువాడు కూడా తోక తెంపలేకపోయినాడు" అని చివర చేర్చేవారు. దొర ముందు వరుసలో కూర్చొని గట్టిగా నవ్వేవాడు.

ఆయన ప్రసంగం చేసే ఆదివారాలు గుడి వసారాలో, బండపరుపుమీద, లోపలికి రాకుండా ఒక ముసలాయన కూర్చునేవాడు. పక్కన పంజరం. పంజరంమీద గుడ్డ. ఆయన పేరు నాగన్న. అయ్యవారికి సొంత అన్న.

వాళ్ళది పిట్టలు పట్టే ఇల్లు. ఒక కరువు ఏడు మిషనువాళ్ళు గంజి పోస్తుంటే వాళ్ళ నాయన చిన్నవాణ్ణి హాస్టల్లో వదిలి, పెద్దవాణ్ణి ఉచ్చులు మోయడానికి వెంటబెట్టుకుపోయాడు. చిన్నవాడు బాప్తిస్మం పొంది మా అయ్యవారయ్యారు. పెద్దవాడు నాగన్నగానే ఉండిపోయాడు. ఆయన పంజరంలోది దీమపు పిట్ట. దీమమంటే వేటకాడు చేతులమీద పెంచి, తోటి పిట్టలను పిలవడానికి వాడుకునేది. తెల్లవారుజామున దాన్ని చేలో పెట్టి చుట్టూ గుర్రపు వెంట్రుకల ఉచ్చులు వేస్తే, దాని కూతకు అడవి కౌజులు వచ్చి తగులుకుంటాయి. అమ్మా నాన్నా ఉన్ననాటినుంచి ఆ ఇంట్లో సంగటి వచ్చింది ఆ కూతతోనే.

తమ్ముడి ప్రసంగాలు విని విని నాగన్నకు రక్షణమీద మనసు పుట్టింది. బాప్తిస్మం ఇమ్మని అడిగాడు. సంఘపెద్దలు కూర్చొని, దీమం వదిలితేనే ఇస్తామన్నారు. ఆ మాటమీద గట్టిగా నిలబడినవాడు దావీదప్ప. ఆయనకు ఊరిపక్క నాలుగెకరాల జొన్నచేను ఉంది. మంచి విశ్వాసి. మోకాళ్ళు కాయలు కాచేటట్టు ప్రార్థన చేసే మనిషి. అందుకే ఆయన మాట ఎవరూ తోసేయలేకపోయేవాళ్ళు.

ఆరాధన అయిపోగానే వసారాలో వాళ్ళిద్దరికీ ప్రతిసారీ ఇదే వాదన.

"ఏం నాగన్నా, పిట్టను ఇడ్సిపెట్టినావా?"

"ఇడ్సిపెడితే నాకు సంగటెవరు పెడ్తారప్పా? నువ్వు పెడ్తావా?"

"దేవుడు పెడ్తాడు."

"ఈ పిట్టనిచ్చింది ఆయప్పే అనుకుంటాండా నేను."

"తప్పు! తనోళ్ళను పిల్చి పట్టిస్తాదే, అది ఎవురి పనో తెలుసునా నీకు? ప్రభువును ముద్దుపెట్టి పట్టిచ్చినోని పని!"

నాగన్న గుడ్డ కొసెత్తి పంజరంలోకి చూసి, నింపాదిగా, "ఇది ముద్దులు పెట్టదప్పా. యేలు పెట్టి చూడు, పొడుస్తాది" అన్నాడు.

అందరూ నవ్వారు. దావీదప్పకూ నవ్వొచ్చింది గానీ పెదవి బిగబట్టుకున్నాడు. అయ్యవారు మాత్రం నవ్వలేదు. అటువంటప్పుడు ఆయన కోటుజేబులో చెయ్యిపెట్టి సుద్దముక్కలు నలుపుతూ నేలకేసి చూసేవారు. తాను చెప్పిన ప్రసంగానికే అన్న వచ్చి గడపవతల ఆగిపోయాడు. తాను లాగలేడు, వదలలేడు.

ఒకసారి నేనే అడిగాను. "మీరూ సంఘంలో పెద్దలే గదా. ఒక్కమాట చెప్పరేం?"

"అన్నకోసం మాట్లాడితే, అన్న కాబట్టి మాట్లాడినాడంటారమ్మా. నేను మాట్లాడల్లంటే బైబిల్లో వాక్యం దొరకల్ల. ఇంకా దొరకలేదు." సమాధుల తోట గోడకేసి చేయి చూపారు. "చిన్నప్పుడు ఆ కరువులో ఒగ గోనె కప్పుకొని ఇద్దరం పండుకుంటిమి. సచ్చినాక వాడు గోడకు ఆపక్క, నేను ఈపక్కనా? దేవుని ఇంట్లో కూడా ఇట్లేనా మేం?"

మా వైపు అప్పట్లో బాప్తిస్మం లేనివాణ్ణి ఆ గోడలోపల పాతిపెట్టేవాళ్ళు కారు. ఆ ముసలివాళ్ళిద్దరికీ ఉన్న కోరిక గోడలోపల పక్కపక్కన ఉండడమొక్కటే. దాన్ని ఊరంతా ఎరుగుదురు.

ఆ ఏటి జొన్నకోతలు అయ్యాక కోతపండుగ వచ్చింది. మా సంఘాల్లో ఆ పండుగకు ప్రతి ఇల్లూ తన కష్టంలో మొదటి ఫలాన్ని దేవుని బల్ల ముందుకు తెస్తుంది. జొన్నకంకుల కట్టలు, గుమ్మడికాయలు, కొర్రల చేటలు, కోడిపుంజులు, ఒకామె నేసిన ఈతచాప. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ గుడిబయట వేలం వేస్తారు. బల్ల ముందుకు వచ్చినది ఏదైనా సరే, వేలంపాటలో ఎవరికి దక్కితే వాళ్ళది. పెట్టినవాడు వెనక్కి అడగకూడదు. మా సంఘంలో అది తప్పని ఆచారం.

అర్పణల వరుస కదులుతుండగా నాగన్న లేచి గడప దాటాడు. అన్ని ఆదివారాల్లో ఆయన లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. తలపాగా తీసి చంకన పెట్టుకున్నాడు. గుమ్మడికాయల నడుమ పంజరం దించాడు.

"నాకుండేది ఇదేనప్పా. ఇడ్సిపెట్టమంటిరి. దేవునికే ఇస్తాండా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. చేతులకే పంజరాన్ని వదలడానికి కాసేపు పట్టింది.

పాదిరిగారు కళ్ళు మూసుకొని అర్పణలకోసం ప్రార్థన ఎత్తుకున్నారు. సంఘమంతా తలలు వంచాం. ఆ నిశ్శబ్దంలో గుడ్డకింద కౌజు కూసింది. గుడి పైకప్పు మోగిపోయింది. పాదిరిగారు ఒక్కక్షణం ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి కోసిన జొన్నచేలనుంచి, ఎర్రగుట్ట మొదటినుంచి, ఒకదాని తర్వాత ఒకటి కౌజులు బదులు పలికాయి. తల వంచే ఓరగా చూశాను. అయ్యవారి పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నారనుకున్నాను. ఆయన లెక్కపెడుతున్నారు.

బయట వేలం మొదలైంది. కోడిపుంజులు పోయాయి, ఈతచాప పోయింది. పంజరం పైకెత్తగానే దొరగారి బట్లరు ముందుకొచ్చాడు. దొరకు కౌజు వేపుడంటే ఇష్టమని ఎవరికి తెలియదు? దొర పక్క ఊళ్ళో జబ్బుమనిషిని చూడ్డానికి ఆరాధన నడుమనే లేచిపోయాడు. ఉంటే ఆపేవాడేమో. బట్లరు పాడుతూ పోయాడు. అతనితో పోటీపడే స్తోమత ఎవరికీ లేదు. నాగన్న వసారా స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. అటు చూడటం లేదు.

"నా పాట, నా కోటు!" అన్నారు ఎవరో.

అందరం తిరిగి చూశాం. మా అయ్యవారు కోటు విప్పుతున్నారు. లోపల చొక్కాకు వీపున అతుకులమీద అతుకులు. ఏళ్ళతరబడి ఎండల్లో ఆ కోటు ఎందుకు విప్పలేదో అప్పుడు తెలిసింది నాకు. కోటు తీసుకుపోయి బల్లమీద పెట్టారు. జేబులోంచి సుద్దముక్కా నాలుగు పప్పులూ రాలాయి.

బట్లరు తెల్లబోయాడు. "అయ్యవారూ, ఒగ కౌజుకు కోటా? కూరకు పిడికెడు గూడా రాదే!"

"కూరకు కాదులేప్పా" అన్నారాయన.

బట్లరు కాసేపు గుంపువంక చూసి, చేతులు దులుపుకొని పక్కకు జరిగాడు. పిట్ట అయ్యవారిదైంది. ఆయన పంజరాన్ని గుడివెనక చేలోకి తీసుకుపోయారు. సంఘమంతా వెంట పోయాం. తలుపు తీసి, "పో తల్లీ, నీ వాళ్ళు పిలుస్తాండారు" అన్నారు.

పాపం, ఆయనకూ మతిలేకపోయింది, మాకూ లేకపోయింది. దేవునికి అర్పించినదాన్ని విడిచిపెడితే ఆకాశానికి ఎగిరిపోతుందని, అందరం స్తుతిగీతం ఎత్తుకోవచ్చని నిలబడ్డాం. ఒకరిద్దరు పల్లవి అందుకున్నారు కూడా. పిట్ట బయటికి వచ్చింది. అటుఇటు మెడ తిప్పింది. జొన్నకొయ్యల నడుమ నాలుగడుగులు వేసింది. తర్వాత వెనక్కి తిరిగి, మా కాళ్ళ సందుల్లోనుంచి గబగబా నడుస్తూ, వసారా ఎక్కి, నాగన్న ఒడిలో దూరింది.

పాట ఆగిపోయింది. నాగన్న దానిమీద చేయి వేసి అప్పుడు ఏడ్చాడు.

"చూసినారా! ఇడ్సినా ఇడ్వదు. పాపం అట్లాంటిది!" అన్నాడు దావీదప్ప.

అయ్యవారు చొక్కామీదే వసారా మెట్టెక్కి నిలబడ్డారు. ఆయన గొంతు పెద్దది కాదు. ఆ రోజు అందరికీ వినబడింది.

"దావీదప్పా, నేను పిట్టలోళ్ళ ఇంట్లో పుట్టినా. సంఘంలో ఈ మాట నా నోటితో ఎప్పుడూ చెప్పలేదు, ఈరోజు చెప్తాండా. ఆ పిట్ట ఎవురికీ ద్రోహం చెయ్యదు. 'ఇది నా చేను, నువ్వెవురు' అని అరుస్తాది, అంతే. మన ఊర్లో గట్టుకాడ మనం అరిసినట్లే. ఉచ్చు వేసేది మనిషి. ఉచ్చు ఇడ్సిపెట్టమని అడుగు, అది న్యాయం. కూతను ఇడ్సిపెట్టమంటే అదెట్ల ఇడుస్తాది?"

"వాక్యం చెప్పు" అన్నాడు దావీదప్ప.

"చెప్తా. ప్రభువు గట్టున నడుస్తా చేపలు పట్టేవాళ్ళను పిల్చినాడు. చేపకంపు కడుక్కొని రాండి, అప్పుడు పిలుస్తా అన్న్యాడా? లేదు. రమ్మన్న్యాడు, ఆ చేతుల్తోనే వచ్చినారు. సమాధిలోనుంచి లేచినాక మళ్ళా అదే గట్టుకొచ్చి, వాళ్ళ వల ఆయనే నింపినాడు. వాళ్ళు ఏం చేసినారు? లెక్కబెట్టినారు! నూటయాభైమూడు. తెల్లోళ్ళ భాషలో చేపకు తోకలేదప్పా, ఎన్నున్నా ఒగటే మాట. ప్రభువు ముందర మాత్రం ఒగొక్కదానికి లెక్కుండాది. మనం తినేదాన్ని లెక్కబెట్టం. ఆయన లెక్కబెడతాడు." అన్నవైపు తిరిగి చెయ్యి చూపారు. "ఆ లెక్కలో మా అన్న లేడా?"

పాదిరిగారు మెట్లెక్కి నాగన్న ముందు మోకాళ్ళమీద కూర్చున్నారు.

"నాగన్నా, ఉచ్చులు ఇడ్సిపెడ్తావా?"

"ఈరోజే ఇడ్సిపెడ్తా సామీ. పిట్టను మాత్రం యాడ ఇడ్సిపెట్టల్ల? అది పోదే!"

పాదిరిగారు నవ్వి, "పిట్టకు బాప్తిస్మం అక్కరలేదులే. నీకు ఇస్తాం" అని పెద్దలవైపు చూశారు. అందరి కళ్ళూ దావీదప్పమీదికి పోయాయి. ఆయన దిక్కులు చూసి, బల్లదగ్గరికి పోయి, కోటు చేతికి తీసుకున్నాడు.

"బల్లమీదికొచ్చింది యాలం వెయ్యల్ల గదా? ఎవురు పాడ్తారు? ఎవురూ పాడరా? అట్లయితే నా పాట, ఒగ గుమ్మడికాయ!" అని తానే పాడుకొని, తానే మూడుసార్లు చెప్పుకొని, ఆ కోటు తెచ్చి అయ్యవారి భుజాలమీద కప్పాడు. "ఏసుకోప్పా, సలికి సస్తావు. నీ అతుకులు చూడలేక సస్తాండాం." తర్వాత నాగన్నవైపు తిరిగి, మొహం ముడుచుకొనే, "ఏం, పైరు కంకి తొడిగినప్పుడు నా చేలో పిట్టల్ని తోల్తావా? సంగటి నేను పెడ్తాలే" అన్నాడు.

"పిల్చేటోన్ని తోలమంటావా?" అన్నాడు నాగన్న, కళ్ళు తుడుచుకుంటూ.

"పిల్చేది తెలిసినోనికి తోలేది తెలియదా?"

నాగన్న ఆ మరుసటి ఆదివారం బాప్తిస్మం పొందాడు. అయ్యవారు నీళ్ళగిన్నె పట్టుకొని నిలబడ్డారు. అన్ననే చూస్తూ సగం నీళ్ళు తన కోటుమీదే పోసుకున్నారు. ఆ గుర్రపు వెంట్రుకల ఉచ్చుల తాళ్ళు నాగన్న మూటకట్టి బడికి తెచ్చిచ్చాడు. మా తరగతుల నడుమ ఉన్న గోనెతెరను వాటితోనే బిగించి కట్టాం. నేను ఆ బడి వదిలేదాకా ఆ తెర మళ్ళీ జారలేదు.

ఆ సోమవారం తెర పక్కకు తీసి చూస్తే నల్లబల్లమీద కౌజు ఉంది. తోక ఉన్న పక్క ఉంది. "దొర ఒప్పుకుంటాడా?" అని అడిగాను. "దొర దగ్గర ఎట్లన్నా ఉండనీమ్మా, నా బల్లమీద ఇట్లుండాది" అన్నారు. పావురం మాత్రం ఆ గీతమీదే ఉండిపోయింది. పెద్దబాతు మూలనే ఉండిపోయింది. అవి పరలోకంలో అడగవలసినవి.

ఆ పిట్ట నాగన్న దగ్గరే ముసలిదై చచ్చిపోయింది. అయ్యవారు అన్నకంటే ముందు పోయారు. ఒక ఎండాకాలపు జ్వరంలో పోయారు. కోటు తొడిగే పెట్టెలో పెట్టాం. జేబులో నేను ఒక సుద్దముక్క వేశాను. అటువంటివి నాకు నమ్మకం లేదు. నిరీక్షణ గలవాళ్ళకు ఆ అవసరమూ లేదు. ఎందుకో చెయ్యి ఆగలేదు.

సమాధి దగ్గర పాదిరిగారు చివరి ప్రార్థన ముగించాక అందరూ పిడికెడు మన్ను వేసి జరిగారు. నాగన్న కదల్లేదు. సంఘంలో చేరినప్పుడు ఆయనకు వేరే పేరు పెట్టారు గాని మాకందరికీ నాగన్నే. గుంతకు పక్కన, తమ్ముడికి కుడివైపు, చేతికర్రతో నేలమీద నిలువునా ఒక గీత గీశాడు.

"దావీదప్పా, ఇది నాది. ఇంగెవురికీ ఇయ్యొద్దు."

"నీదేలేప్పా" అన్నాడు దావీదప్ప.

అప్పుడు గోడ అవతల జొన్నకొయ్యల్లో ఒక కౌజు కూసింది. దానికి గుట్టదిక్కునుంచి ఇంకొకటి పలికింది. ఆ వెనక ఇంకొకటి. నాగన్న కర్రమీద చేతులు పెట్టి, చెవి అటు ఒగ్గి నిలబడ్డాడు. ముసలితనంతో ఆయనకు వినికిడి మందగించింది.

"అమ్మా, నాకు సరిగ్గా తెలీలేదు. ఎన్నుండాయో లెక్కబెట్టమ్మా" అన్నాడు నాతో. "నేను ఆడికి పోంగానే మావోడు అడుగుతాడు."

మన్నంటిన చేతులతో ఆ గోడపక్క నిలబడి, అవి కూయడం మానేదాకా నేను లెక్కపెట్టాను.